బెదిరిన బాతు నడక

ఆ బుధవారం పొద్దున లేయ్ మన్‌తాంగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వేడివేడి మిరియాల గంజిలో రొట్టె తుంచుకుని తినడం, రైలెక్కి షియాన్ వెళ్ళడం, అక్కడ వీడియో గేములు తయారుచేసే కంపెనీ వాళ్ళకి తోలుబొమ్మలాటలోని ఒక తప్పుడు నడక నేర్పడం, చీకటి పడకముందే సొంతూరు హ్వాజో తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు పెరట్లో కూర్చుని అక్రోటు కాయలు పగలగొట్టుకోవడం. ఇంతే. ఇందులో ఎవరికీ నష్టం లేదని ఆయన గట్టి నమ్మకం.

గంజి తాగాక ఆయన ఒక పాత చొక్కా గుడ్డ చింపి కుడిచేతి బొటనవేలికి చుట్టడం మొదలుపెట్టాడు.

"వేలికేమైంది?" అంది భార్య ఫెంగ్‌లాన్.

"ఏమీ కాలేదు."

"మరి కట్టెందుకు?"

"ఏమీ కాకుండా ఉండడానికే."

ఫెంగ్‌లాన్ ఆ మాటకి ఆశ్చర్యపోలేదు. పెళ్ళైన కొత్తలో, పక్కింటివాడు పలకరించకుండా పోతే ఏదో పన్నాగం ఉందనీ, పలకరించి పోతే ఇంకేదో పన్నాగం ఉందనీ తేల్చిన మనిషి ఆయన. గిన్నెలు తీస్తూ, "ఇంతకీ ఎవరి మీద ఈసారి అనుమానం?" అంది.

"నవ్వులాట కాదే. తోలుబొమ్మకి మూడు పుల్లలు. రెండు చేతులకి, ఒకటి మెడకి. చేతుల పుల్లలు ఎవడైనా ఆడిస్తాడు. కిటుకంతా మెడ పుల్లలో ఉంది, దాన్ని పట్టేది ఈ బొటనవేలు. ఆ కంపెనీ వాళ్ళు మన చేతులకి తెల్లటి పూసలు అంటిస్తారట. చుట్టూ కెమెరాలు పెడతారట. పూస కదిలినట్టల్లా కంప్యూటర్లో బొమ్మ కదులుతుందట. అంటే ఏమన్నమాట? చేతిలో విద్య పూసలోకి, పూసలోంచి వాళ్ళ పెట్టెలోకి!"

"ఆవుని పితికినట్టా?"

"అచ్చం అంతే! రేపొద్దున లేయ్ అక్కర్లేదు, పెట్టె చాలంటారు."

"అంత భయమున్నవాడివి వెళ్ళడం దేనికి? మానెయ్."

మానెయ్యడానికి లేదు. అదీ చిక్కు. లేయ్ గురువు గువో గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన బొమ్మల పెట్టె అప్పట్నుంచీ జిల్లా సాంస్కృతిక కార్యాలయం గోదాములో మూలుగుతోంది. ఈ ఏడు ఆ కార్యాలయం వాళ్ళు గువో గారి పరంపరకి ఒక అధికారిక వారసుణ్ణి ప్రకటిస్తామన్నారు. వారసుడికి ఇత్తడి పలకతో పాటు ఆ పెట్టె కూడా ఇస్తారు. ఇత్తడి పలక వచ్చినా రాకపోయినా లేయ్‌కి దిగుల్లేదు. పెట్టె కోసం మాత్రం ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. మీసాలు రాని వయసులో ఆ పెట్టెని భుజాన వేసుకుని గురువు వెనకాల ఊరూరా తిరిగాడు. వాన వస్తే తను తడిసి దాని మీద తన కోటు కప్పేవాడు. అందులో తోలు ఏ బొమ్మది ఎంత నున్నగా ఉంటుందో ఆయన చేతులకి ఇంకా గుర్తుంది. అయితే, వారసుడు కావాలంటే విద్యని కుర్రకారులోకి తీసుకెళ్ళినట్టు చూపించాలని కార్యాలయం వాళ్ళు షరతు పెట్టారు. వీడియో గేము కంటే కుర్రకారు ఇంకెక్కడుంటారు?

పోటీలో ఉన్న రెండోవాడు తాన్ జిన్‌కుయ్. గువో గారి పెద్ద శిష్యుడు, లేయ్‌కి వరసకి అన్న. ఆ ఊళ్ళో బొమ్మలాడించే గురువులు శిష్యుడికి అన్నీ నేర్పి ఒక్కటి మాత్రం దాచుకుంటారు. అది పిసినారితనం కాదు, వాళ్ళ ఆనవాయితీ. పోయేముందు ఆ ఒక్కటీ నచ్చిన శిష్యుడికి చెప్పి పోతారు. గువో గారు ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు లేయ్ మందు కోసం బజారుకి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి తాన్ గదిలోంచి కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తున్నాడు. అప్పట్నుంచీ వాడు ఏదో దొరికినవాడిలా నడుస్తున్నాడు, లేయ్ ఏదో పోగొట్టుకున్నవాడిలా చూస్తున్నాడు. "వాడి దగ్గర ఏదో ఉందే" అని లేయ్ అననిరోజు లేదు.

అందుకే గేము కంపెనీకి వెళ్ళాలి, కానీ ఏమీ ఇవ్వకుండా రావాలి. గుడ్డ చుట్టిన వేలితో ఆయన రైలెక్కాడు.

ఆ కంపెనీలో అందరూ తెగ మర్యాదగా ఉన్నారు. అదే ఆయనకు మొదటి అనుమానం. గేము రూపకల్పన చేసే అమ్మాయి పేరు కోవ్ లిన్. ముప్పై ఏళ్ళుంటాయి, కళ్ళకింద నల్లటి చారలు, నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఆయన రాగానే లేచి నిలబడి రెండు చేతులతో టీ ఇచ్చింది. తాగగానే మళ్ళీ పోసింది. ఇంత టీ ఎందుకు పోస్తున్నట్టు? టీ తాగితే లేవాల్సొస్తుంది. లేస్తే బొమ్మ ఒంటరిగా ఉంటుంది. ఆయనకు లోగుట్టు అర్థమైపోయింది. లేవాల్సి రానే వచ్చింది. వెంట తెచ్చుకున్న సేనాపతి తోలుబొమ్మని చంకలో పెట్టుకుని మరీ మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాడు.

"మాస్టారూ, బొమ్మని ఇక్కడే ఉంచొచ్చు కదా" అంది కోవ్ లిన్ బెరుగ్గా.

"వాడికీ వెళ్ళాల్సొచ్చింది" అన్నాడు లేయ్.

ఆ పిల్ల తన గేము గురించి చెప్పుకొచ్చింది. కథంతా తెల్లటి తెర మీదే జరుగుతుందట. దీపం ఒక పక్కకి జరిగితే నీడలు ఇంకో పక్కకి సాగుతాయట. శత్రువు తెరకి ఆనుకుని ఉంటే స్పష్టంగా కనబడతాడు, దూరం జరిగేకొద్దీ పెద్దవాడై మసకబారిపోతాడట. మాట్లాడుతున్నప్పుడు ఆమె కళ్ళకింద చారలు కూడా మెరిశాయి. పిల్లకి తెర గురించి బాగానే తెలుసే అనుకున్నాడు లేయ్. వెంటనే, ఎలా తెలుసు, ఎవడు చెప్పాడు అని కూడా అనుకున్నాడు. తాన్ గాడు గానీ ముందే వచ్చి పోయాడా?

చేతులకి, పుల్లలకి పూసలు అంటించారు. బొటనవేలి కట్టు చూసి, "అయ్యో, దెబ్బ తగిలిందా మాస్టారూ? ఇంకో రోజు పెట్టుకుందామా?" అంది.

"ఇంకో రోజు దీనికి ఇంకో దెబ్బ తగులుతుంది. కానివ్వు" అన్నాడాయన.

ఆయన అనుకున్నదేమిటంటే, సేనాపతిని ఏదో మామూలు సిపాయిలా నడిపించేసి వద్దామని. కానీ గుడ్డ చుట్టిన వేలికి మెడ పుల్ల పట్టు దొరకలేదు. సేనాపతి రెండడుగులు వేశాడో లేదో పుల్ల జారి తల వెనక్కి తిరిగిపోయింది. దాన్ని సర్దబోతే ఎడమ కాలు గాల్లోకి లేచి, బురదలో దిగబడ్డవాడిలా టపటపా విదిలించుకుంది. అదే సమయానికి గుమ్మం దగ్గర ఎవడో ఫోను పట్టుకుని నిలబడటం లేయ్ కంటపడింది. ఎవడు వాడు, ఏం తీస్తున్నాడు అని ఆయన వెనక్కి చూడగానే, చేతిలో సేనాపతి కూడా గిరుక్కున వెనక్కి చూసి, మూడడుగులు పరుగెత్తాడు. ఆయన మళ్ళీ చూశాడు. వాడూ మళ్ళీ చూశాడు.

హ్వాజోలో ఏ బొమ్మలవాడైనా ఆ నడక చూస్తే పొట్ట చేత్తో పట్టుకుని కింద దొర్లేవాడు. ఇక్కడ గదిలో మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

"మాస్టారూ, ఇదేం నడక?" అంది కోవ్ లిన్ మెల్లిగా.

"ఏం, బాగోలేదా?"

"బాగోకపోవడమా! నెలల తరబడి మా నాయకుడి నడక కోసం ఛస్తున్నాను మాస్టారూ. ఏ గేములో చూసినా నాయకుడు ఛాతీ విరుచుకుని ఒకేలా నడుస్తాడు. ఈయన చూడండి, అంత పెద్ద సేనాపతీ, అడుగడుక్కీ వెనక్కి చూసుకుంటున్నాడు! వెనక్కి చూస్తేనే నీడలో దాక్కున్న శత్రువు బయటపడతాడు. ఆట మొత్తం దీని మీదే కట్టెయ్యొచ్చు. దీనికి పేరుందా?"

లేయ్ చుట్టూ చూశాడు. ఎవరిదో కంప్యూటర్ మీద పసుపుపచ్చ రబ్బరు బాతు ఒకటి కూర్చునుంది.

"బెదిరిన బాతు నడక" అన్నాడు.

"ఎవరు నేర్పారు మీకు?"

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఆ అమ్మాయి అలా నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయనకు ఏమైందో ఏమో, గొంతు తగ్గించి, "మా గువో గురువు గారు దాచుకున్న విద్య. ఎవరికీ చెప్పకు" అనేశాడు.

కోవ్ లిన్ లేచి వంగి నమస్కారం పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు. లేయ్ తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, వేలి కట్టు విప్పుకుంటూ, ఎంత తేలిగ్గా బోల్తా కొట్టించానో అని తనని తనే మెచ్చుకున్నాడు.

సోమవారం పొద్దున ఫోను మోగింది. సాంస్కృతిక కార్యాలయం మూ గారు. ఆయనకు ప్రతిదానిలోనూ లోతు కనబడుతుంది.

"లేయ్ గారూ! ఎంత లోతు మనిషండీ మీరు! ఇన్నాళ్ళూ మాతో ఒక్క ముక్క అన్లేదు!"

"ఏ ముక్కండీ?"

"బెదిరిన బాతు! గేము కంపెనీ వాళ్ళు మీ చిన్న వీడియో పెట్టారు. మా ఆవిడ చూసింది, మా పై అధికారి చూశాడు, ఆయన అత్తగారు చూసింది. గువో గారి రహస్య విద్య బతికే ఉందని ఊరంతా ఒకటే గోల. ఇక వేరే పరీక్షలెందుకు? ఈ శనివారం హాల్లో పోటీదారులిద్దరూ ఆ నడక చేసి చూపిస్తారు. ఎవరిది అసలుదైతే వాళ్ళదే పెట్టె. మీకిక తిరుగు లేదు!"

 లేయ్ ఫోను పెట్టేసి వెంటనే కోవ్ లిన్‌కి చేశాడు.

"అమ్మాయ్, ఎవరికీ చెప్పొద్దన్నానా?"

"మాట ఎవరికీ చెప్పలేదు మాస్టారూ, నడక మాత్రమే చూపించాం. నడక పేరూ, గువో గారి పేరూ కింద రాశాం."

"తీసెయ్. అందులో చిన్న తప్పుంది."

"ఏం తప్పు? చెప్పండి, ఇప్పుడే సరిచేస్తాం."

ఏమని చెప్తాడు? సరైనదాన్ని చెప్తే విద్య పోతుంది, చెప్పకపోతే పరువు పోతుంది. మింగలేక కక్కలేక, "అది నాలాంటివాడి చేత్తో చూపించాల్సిన విద్య కాదమ్మా. నాకంత అర్హత లేదు" అన్నాడు.

 అవతల ఆ పిల్ల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. మధ్యాహ్నానికల్లా వీడియో కింద కొత్త వాక్యం వెలిసింది: "నాకంత అర్హత లేదు: లేయ్ మాస్టారు." చూసేవాళ్ళు రెట్టింపయ్యారు. సాయంత్రానికి ఫోనులో ఆడుకునేలా ఆటలో మొదటి భాగం కూడా హడావుడిగా వదిలారు.

మర్నాడు తాన్ జిన్‌కుయ్ వచ్చాడు. గురువు గారి సంవత్సరీకానికి తప్ప ఆ గుమ్మం తొక్కని మనిషి, ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళ పొట్లం పట్టుకుని, చిరునవ్వుతో వచ్చాడు.

"రండి బావగారూ, దారి తప్పారా?" అంది ఫెంగ్‌లాన్.

"తమ్ముణ్ణి అభినందించి పోదామని వచ్చానమ్మా" అంటూ తాన్ కూర్చున్నాడు. పళ్ళ పొట్లం లేయ్ వైపు జరిపాడు. లేయ్ దాన్ని మళ్ళీ తాన్ వైపు జరిపాడు. ముందు నువ్వు తిను, చూద్దాం అన్నట్టు. ఆఖరికి ఫెంగ్‌లాన్ ఒకటి తీసుకుని తినేసింది.

"తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకూడదు. ఆ నడక నీకెవరు నేర్పారు?"

నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. కానీ తాన్ జిన్‌కుయ్ ముందు ఓడిపోవడం కంటే లేయ్ నూతిలో దూకుతాడు.

"గురువు గారు" అన్నాడు.

"ఎప్పుడు?"

"నువ్వు లేనప్పుడు."

తాన్ టీ కప్పు కింద పెట్టాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, చెవులు ఎర్రబడ్డాయి. "అదెలా కుదురుతుందిరా? ఆ నడక ఆయన నాకొక్కడికే చెప్పారు. పోయేముందు. చెవిలో."

"నడకని చెవిలో చెప్పారా?"

"వివరంగా చెప్పారు!"

"నువ్వెప్పుడూ ఆడించలేదే మరి?"

"పవిత్రమైనది కాబట్టి ఆడించలేదు. నువ్వు కిటికీలోంచి చూసుంటావు. చిన్నప్పట్నుంచీ నీకా దొంగచూపులు అలవాటే. శనివారం తేలుతుందిలే, ఎవరిది అసలో ఎవరిది దొంగో." పళ్ళ పొట్లంలో మిగిలినవి తిరిగి చంకలో పెట్టుకుని తాన్ వెళ్ళిపోయాడు.

లేయ్ కుర్చీలో కూలబడ్డాడు. మొన్న బుధవారం రబ్బరు బాతుని చూసి తను పేరు పెట్టిన నడకని, గురువు గారు ఏనాడో వీడి చెవిలో చెప్పారట! అంటే వీడు అబద్ధాలాడుతున్నాడు. అంటే వీడి దగ్గర ఏమీ లేదు. ఇన్నేళ్ళ అనుమానం అలా ఒక్కసారి ఊడిపోతే ఒళ్ళు తేలికపడాలి కదా. కానీ ఆయనకు అనుమానం లేకుండా కూర్చోవడం అలవాటు లేదు. పావుగంటలో కొత్తది పుట్టుకొచ్చింది.

"ఫెంగ్‌లాన్, ఒకవేళ నిజంగానే గురువు గారికి అలాంటి నడక ఉందేమో? నేనెప్పుడో చూసి మరిచిపోయానేమో? నా చెయ్యి దాన్ని గుర్తుపెట్టుకుందేమో?"

"నీ వేలికి గుడ్డ చుట్టుకున్నావు, పుల్ల జారింది. ఆ గుడ్డ మా నాన్న చొక్కాది, మీ గురువు గారిది కాదు" అంది ఫెంగ్‌లాన్.

ఇక మిగిలింది ఒకటే దారి. తన అబద్ధాన్ని తను నేర్చుకోవాలి. తెర కట్టి, దీపం పెట్టి, సేనాపతిని తీశాడు. నడవరా అంటే సేనాపతి దర్జాగా, మెడ నిలబెట్టి, కొండ దిగే పులిలా నడిచాడు. బొటనవేలికి బాగా నడపడం తప్ప ఇంకేదీ చేతకావడం లేదు. గుడ్డ చుట్టుకుని చూశాడు. ఈసారి పుల్ల పూర్తిగా జారి సేనాపతి బోర్లాపడ్డాడు. గుమ్మంలో ఎవర్నైనా నిలబెడితే వస్తుందేమోనని ఫెంగ్‌లాన్‌ని నిలబెట్టి వెనక్కి వెనక్కి చూశాడు. పెళ్ళాన్ని చూసి సేనాపతి బెదరలేదు.

"ఇలా కాదు గానీ, ఇటు చూడు" అని ఫెంగ్‌లాన్ ఫోను తీసింది. ఆమె అప్పటికే ఆ గేములో మూడో కోట దగ్గరుంది. "ఇది నొక్కితే కాలు విదిలిస్తాడు. ఇది నొక్కితే వెనక్కి చూస్తాడు. రెండూ కలిపి నొక్కావనుకో, పరుగు. మూడోసారి వెనక్కి చూశాక కాస్త ఆగిపోతాడు, కంగారుపడకు, గేము అక్కడ ఇరుక్కుంటోందంతే."

"నువ్వెప్పుడు నేర్చుకున్నావే?"

"నువ్వు అనుమానపడుతున్నంతసేపూ."

శుక్రవారం దాకా లేయ్ తన నడకని పెళ్ళాం ఫోనులో చూసి నేర్చుకున్నాడు. ఫోనులో బాగానే వచ్చింది. బొమ్మతో మాత్రం రాలేదు.

శనివారం సాంస్కృతిక కార్యాలయం హాలు కిటకిటలాడింది. వేదిక మీద తెర, పక్కన బల్ల మీద గువో గారి బొమ్మల పెట్టె. దుమ్ము తుడిచి పెట్టారు. మూలన ఇనపపట్టీ ఊడిన చోటు అలాగే ఉంది, అది లేయ్ చిన్నప్పుడు మంచు మీద జారిపడి ఊడగొట్టింది. గురువు గారు కొడతారనుకుంటే, ముందు మోకాలు చూపించమన్నారు. దాన్ని చూడగానే లేయ్ చెయ్యి దానంతటదే మోకాలి మీదికి వెళ్ళింది. మొదటి వరసలో కోవ్ లిన్ కూర్చుని ఆయన వైపు చెయ్యి ఊపింది.

పెద్దవాడు కాబట్టి తాన్ ముందు వెళ్ళాడు. తెర వెనక దీపం వెలిగింది. సేనాపతి నీడ వచ్చింది. రెండడుగులు, కాలు విదిలింపు, వెనక్కి చూపు, మూడడుగుల పరుగు. ఎక్కడా తడబాటు లేదు. లేయ్ కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడు వీడు? ఎవరి దగ్గర? సేనాపతి మళ్ళీ వెనక్కి చూశాడు. మూడోసారి కూడా చూశాడు. చూసి, ఉన్నచోటనే బిగుసుకుపోయి, కాస్త ఆగి, మళ్ళీ కదిలాడు.

"అబ్బ! ఆ ఆగడం చూశారా? ఎంత లోతు!" అన్నాడు మూ గారు పైకే.

లేయ్ సగం లేచాడు. గేము ఇరుక్కోవడం! ఈ వెధవ కూడా ఇంట్లో కూర్చుని గేము ఆడుకున్నాడు! ఆయన కోవ్ లిన్ వైపు చూశాడు. ఆ పిల్ల మొహం కందగడ్డలా ఎర్రబడిపోయింది. ఆ ఆగడం ఎవరి పొరపాటో ఆమెకి బాగా తెలుసు, కానీ పక్క కుర్చీల్లోనే గేముకి పెట్టుబడి పెట్టేవాళ్ళు కూర్చుని తలలూపుతున్నారు. ఆమె తల దించుకుని చెప్పుల వైపు చూడటం మొదలుపెట్టింది. లేయ్ తాన్ గుట్టు విప్పాలంటే తన గుట్టు విప్పుకోవాలి. మళ్ళీ కూర్చున్నాడు.

తర్వాత ఆయన వంతు. తెర వెనక్కి వెళ్ళి పుల్లలు పట్టుకున్నాడు. రెండడుగులు సరిగ్గానే వేయించాడు. కాలు విదిలించాలి. ఆయన కంటికి పక్కనున్న పెట్టె కనబడింది. ఆ పెట్టె పక్కన నిలబడి గురువు గారు, "మెడ, మన్‌తాంగ్, మెడ చూసుకో" అన్నట్టనిపించింది. ఇక బొటనవేలు ఆయన మాట వినలేదు. సేనాపతి మెడ నిలిచింది. భుజాలు కదిలాయి. ఇన్నేళ్ళుగా తాన్‌కీ, మొన్న పూసలకీ కెమెరాలకీ దొరక్కుండా దాచిన నడక, ఉన్నదున్నట్టుగా, ఊరందరి ముందూ తెర మీదికి వచ్చేసింది. జన్మలో అంత బాగా ఆయన ఎన్నడూ ఆడించలేదు. ఆయనకు ఏడుపొచ్చింది.

దీపం ఆరింది. ఎవరో ఒకరిద్దరు మర్యాదకి చప్పట్లు కొట్టారు.

"లేయ్ గారూ, ఇది మామూలు సేనాపతి నడకేగా? ఎప్పుడూ చూసేదే. మరి బాతేదండీ?" అన్నాడు మూ గారు నొచ్చుకుంటూ.

లేయ్ తెర వెనకనుంచి బయటికొచ్చాడు. ఇక ఆయన వల్ల కాలేదు.

"బాతు లేదు, గీతు లేదు! అది నడకే కాదు మూ గారూ. గురువు గారిది అంతకన్నా కాదు. విద్య దోచేస్తారేమోనని నేనే కల్పించాను. వేలికి గుడ్డ చుట్టుకుంటే పుల్ల జారింది, అంతే!"

హాలంతా గొల్లున నవ్వింది. మూ గారు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఓర్వలేనితనం ఎంత పని చేయిస్తుందో చూడండి. పోనీ, మీ మాటే నిజమనుకుందాం. చచ్చిపోయిన గురువు గారి పేరు మీద మీరు దొంగ విద్య అమ్మారని రాసుకోమంటారా? లేక ఆయన విద్య మీకు సగమే వచ్చని రాసుకోమంటారా? మీ ఇష్టం."

రెండో వరసలోంచి ఫెంగ్‌లాన్ ఇక చాలన్నట్టు గట్టిగా దగ్గింది. లేయ్ పెట్టె వైపు ఒకసారి చూసి, "సగమే వచ్చు" అన్నాడు.

ఇత్తడి పలక, పెట్టె తాన్‌కి ఇచ్చారు. ఫొటోలు తీశారు. తాన్ కళ్ళు తుడుచుకుంటూ మైకు పట్టుకున్నాడు. "నా తమ్ముడు కిటికీలోంచి చూసి నేర్చుకున్నాడు, అందుకే సగమే వచ్చింది. నాకు కోపం లేదు. సోమవారం నుంచి మా ఇంటికి రానివ్వండి. గురువు గారి బొమ్మలతోనే మిగతా సగం నేను నేర్పుతాను." ఈసారి చప్పట్లకి హాలు దద్దరిల్లింది. మూ గారు లోతు అనే మాట రెండుసార్లు అన్నాడు.

జనం పల్చబడ్డాక తాన్ వరండాలో లేయ్ చెయ్యి పట్టుకుని స్తంభం చాటుకి లాక్కెళ్ళాడు. వేదిక మీది నవ్వు ఇప్పుడు లేదు.

"ఒరే, నిజం చెప్పు. ఆ రోజు గదిలో గురువు గారు నాకేమీ చెప్పలేదు. మన్‌తాంగ్ ఏడీ అని అడిగారు, అంతే. అప్పట్నుంచీ నా అనుమానం, ముందే నీకేదో చెప్పుంటారని. ఆ బాతు నిజంగా ఆయనదేనా?"

మన్‌తాంగ్ ఏడీ అని అడిగారట.  మందు సీసా పట్టుకుని బజార్లోంచి పరిగెత్తుకొచ్చిన ఆ సాయంత్రం లేయ్‌కి గుర్తొచ్చింది. తాన్ మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళూ తన అద్దంలో చూసుకున్న మొహమే అది.

"నాకేం తెలుసన్నా? నేను కిటికీలోంచే కదా చూశాను" అన్నాడు.

తాన్ మొహం పాలిపోయింది. లేయ్ జీవితంలో మొదటిసారి ఆ మొహాన్ని చూసి జాలిపడ్డాడు. జాలిపడ్డాడు గానీ నిజం మాత్రం చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆయన తలదువ్వుకుని, శుభ్రమైన చొక్కా తొడుక్కుని, కొత్త శిష్యుడు గురువుకి ఇచ్చే టీ పొట్లం పట్టుకుని బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఫెంగ్‌లాన్ అడ్డం నిలబడింది.

"నువ్వు పుట్టించిన నడకని నువ్వే పోయి నేర్చుకుంటావా? సిగ్గు లేదూ?"

"పెట్టె అక్కడుంది కదే. పాఠం పేరు చెప్పి రోజూ కాసేపు ఆ బొమ్మల్ని పట్టుకోవచ్చు" అన్నాడు లేయ్.  ఆమె ఆయన చొక్కా కాలరు సరిచేసి పక్కకి తప్పుకుంది.

తాన్ ఇల్లు అట్టే దూరం కాదు. కానీ దారి పొడుగునా లేయ్‌ని ఒకటే అనుమానం పీక్కుతింది: వీడు నాకు ఆ నడక పూర్తిగా నేర్పుతాడా?